డాక్టరుకు చెప్పని రెండు రోజులు

జూన్ 8, ఆదివారం
ఇంట్లో ప్రార్థన అయ్యాక వచ్చినవాళ్లకు టీ ఇస్తున్నా. చిన్నికి ఒక్కసారిగా పొలమారింది. నోట్లో వేలు పెట్టి చూశా — ఏమీ లేదు. బల్ల మీద కానుకల పళ్లెం. రూపాయి మింగినట్టుంది. రెండేళ్ల పిల్లను ఏమని అడగను... అత్త తేలిగ్గా తీసేసింది. "ఏం కాదులేమ్మే. నీ మొగుడు గూడా మింగినాడు. అరటిపండు పెట్టు, పొద్దున్నే దొడ్డికి పోతాది." పెట్టాను. రెండు పండ్లు.

జూన్ 9, సోమవారం
దొడ్డికి కూర్చున్న ప్రతిసారీ పుల్లతో వెతుకుతున్నా. లేదు. సంగటి పెడితే ఉమ్మేస్తోంది. ఒకటే చొంగ, మూడు గౌన్లు మార్చాను. కర్నూలుకు పోదామంటే అత్త — "రూపాయికి కర్నూలు దాకానా?" నవ్వాను కూడా. ఎందుకు నవ్వానో.

జూన్ 10, మంగళవారం
చొంగలో నల్లటి జీర. నందికొట్కూరు నుంచి దొరికిన బస్సెక్కి కర్నూలు. ఎక్స్‌రే చూస్తూనే డాక్టరమ్మ లేచి నిలబడింది. "నాణెం కాదిది. అంచు లోపల ఇంకో గీత చూడండి. బిళ్ల బ్యాటరీ. అన్నవాహికలో ఇరుక్కుంది. ఎప్పుడు మింగింది?"
అత్త చప్పున అందుకుంది. "ఈ పొద్దేనమ్మా."
నేను కాదనలేదు.
మత్తిచ్చి, గొట్టం దించి తీశారు. ట్రేలో చూపించారు, నల్లగా మాడి ఉంది. ప్రార్థన బల్ల మీది ప్లాస్టిక్ కొవ్వొత్తిలోది. పిల్లకు అగ్గి తగులుతుందని మైనం కొవ్వొత్తులు మాన్పించి అవి కొన్నది నేనే.

జూన్ 11
ముక్కులో గొట్టం. నోటితో చుక్క నీళ్లు ఇవ్వకూడదట. "అమ్మా, నీయు..." అంటోంది. మొహం తిప్పుకుంటున్నా.

జూన్ 12, గురువారం
"మంగళవారం పొద్దున మింగితే ఇంత లోతుగా కాలదే..." డాక్టరమ్మ నా వైపే చూసింది. అత్త నా కొంగు పట్టుకుంది. బయటికొచ్చాక ఒకటే ఏడుపు. "చెప్పొద్దమ్మే. నా కొడుకు లారీ దిగి వస్తే నా మొగమెట్ల సూపిచ్చేది?" ఆమె మీద కోపం. నా మీద ఇంకా ఎక్కువ. ఆ పండ్లు పెట్టిన చేతులు నావి.

జూన్ 13, శుక్రవారం
డాక్టరమ్మకు చెప్పేశాను. ఆదివారం అని. అరటిపండ్లు, సంగటి — అన్నీ. తిడుతుందనుకున్నా. తిట్టలేదు. ఫైలులో మంగళవారం కొట్టేసి ఆదివారం రాసింది. ఫోన్లో ఎవరితోనో — "స్కాన్ ఇప్పుడే కావాలి. కాలిన చోటు పక్కనే పెద్ద రక్తనాళం." తర్వాత నాతో, "నోట్లో రక్తం కనపడితే క్షణం ఆగకుండా పిలవండి."
ఎన్నాళ్లు చూడాలి డాక్టర్?
"వారాలు పట్టొచ్చమ్మా."
అత్త వరండాలో కూర్చుంది. నాతో మాట్లాడదు.
చిన్ని నిద్రపోతోంది. పెదవులు దూదితో తుడిచి, కిటికీ వెలుతురులో పెట్టి చూస్తున్నా. ఇప్పటికి తెల్లగానే ఉంది.