పసుపు బొట్టున్న డిస్కు

రాజాం, 2013 అక్టోబరు, గురువారం రాత్రి

బట్టల కొట్టు అప్పారావు మావ ఈరోజు నా రిపేరు షాపుకొచ్చి, కొత్త కంప్యూటర్లో తన పాత హార్డ్ డిస్కే బిగించమని పట్టుబట్టాడు. దాని వెడల్పాటి కేబుల్ పెట్టే చోటు కొత్త బోర్డులో లేదు, అన్నీ సన్నటి సాటా సాకెట్లే.

"కొత్త డిస్కులోకి కాపీ సేసిస్తాను మావా" అన్నాను.

"కాపీ ఏటిరా? ఏటా దసరాకి బొట్టెట్టి పూజ సేసినాం. లచ్చిమి దాన్లోనే ఉన్నాది!"

ఒళ్లు మండింది. పాత కేబుల్‌ని కొత్త సాకెట్‌కి కలిపే కన్వర్టర్ తగిలిస్తే కంప్యూటర్ డిస్కుని చదివింది గానీ, లోపల టిక్కుటిక్కుమంటోంది. ఎక్కువ రోజులు బతకదు. అంతా కొత్తదానిలోకి కాపీ చేసి, పాతదాన్ని వైరు ఇవ్వకుండా ఊరికే పక్కన బిగించాను.

"సూసినావా, పాతదే పరిగెడతన్నాది" అని కంప్యూటర్ ఆన్ చేయగానే మురిసిపోయాడు మావ. ఔనన్నాను. అబద్ధమాడినట్టేనా...

మూత బిగించే ముందు మాత్రం కొత్త డిస్కుకు కూడా బొట్టు పెట్టాను.