ఏడో వార్డు క్షేమసమాచారాలు

నాచారం,
3 జూన్ 1996.

తూర్పు మండల ఆరోగ్య సమాచార కార్యాలయం, ప్రజాప్రతినిధుల ప్రశ్నల విభాగం సూపరింటెండెంటు పరంధామయ్య గారికి, ఏడో వార్డు కౌన్సిలరు విక్టోరియా వందనాలు.

ఇక్కడ నేను బాగున్నాను. అక్కడ మీరూ, మీ ఆఫీసువాళ్ళూ అందరూ క్షేమమేనా?

ముప్పై ఏళ్ళు బడిపిల్లలకు ఉత్తరాలు రాయడం నేర్పి రిటైరయ్యాను, పలకరించకుండా రాయలేను. అసలు విషయానికి వస్తాను. మా సున్నపుబట్టి బస్తీలో పదకొండు మందికి కామెర్లు వచ్చాయి. వాళ్ళలో పాపమ్మ కోడలు గ్రేస్‌కి ఐదో నెల. మందుల కంపెనీలో ప్యాకింగు పని చేసే పిల్ల, ఇప్పుడు మంచం దిగలేకపోతోంది. పాపమ్మ తెల్లారేసరికి నా గడప మీద ఉంటోంది. "నీళ్ళల్ల ఏదో కలుస్తున్నదమ్మా, మస్తు వాసనొస్తున్నయ్. గెలిచినవ్ గదా, జర అడుగు" అంటోంది. కుళాయి నీళ్ళు పరీక్ష చేశారా? తాగొచ్చా? వెంటనే తెలుపగలరు.

ఇట్లు,
మీ జవాబు కోసం గడపలోనే కూర్చున్న
విక్టోరియా

తా.క.: కౌన్సిలరునయ్యాక రాస్తున్న మొదటి ఉత్తరం ఇదే. తప్పులుంటే దిద్దండి.

•

ఉప్పల్,
8 జూన్ 1996.

గౌరవనీయులైన కౌన్సిలరు గారి సముఖానికి,

తమ ఉత్తరం అందింది. తమ ప్రశ్నకు జవాబు: మా కార్యాలయంలో నలభై రెండు మంది సిబ్బందికి గాను ముప్పై తొమ్మిది మంది క్షేమం. ఒకరికి మోకాళ్ళ నొప్పులు. ఒకరికి జలుబు. డ్రైవరు మురళీధర్ సెలవులో ఉన్నందున అతని క్షేమం విచారణలో ఉంది.

ఇట్లు,
తమ విధేయుడు
పరంధామయ్య

తా.క.: ఒక ఉత్తరానికి ఒకే జవాబు, అదీ మొదటి ప్రశ్నకే ఇవ్వాలని మాకు సర్క్యులరు ఉంది. జవాబు మీద పై అధికారి సంతకం పెడతారు. తాజాకలం మాత్రం ఎవరూ చదవరు. అందుకని ఇక్కడ చెబుతున్నాను, నీళ్ళు బాగా మరగకాచి తాగమనండి.

•

నాచారం,
10 జూన్ 1996.

పరంధామయ్య గారికి,

మీ మోకాళ్ళ నొప్పులాయన త్వరగా కోలుకోవాలి. ఇక్కడ కామెర్లవాళ్ళు పదహారు మందయ్యారు. నీళ్ళ గురించి అడిగితే జలుబు గురించి రాస్తారా? ఇదేనా అండీ మీ పని? మీ ఉత్తరం పాపమ్మకి చదివి వినిపించాను. "ఏందమ్మా, వాళ్ళకు జలుబైతె నేనేం జెయ్యాలె? నా కోడలు కండ్లు సూడు, పసుపు పూసినట్లున్నయ్" అని ఏడ్చింది. నాకు ఒళ్ళు మండిపోతోంది. ఆ నీళ్ళు తాగొచ్చో లేదో చెప్పండి చాలు.

ఇట్లు,
కోపంగా
విక్టోరియా

తా.క.: కాచమన్నారు, కాస్తున్నారు. రేషను షాపులో కిరోసిన్ లేదు. ఎందుకు లేదని మాత్రం మిమ్మల్ని అడగను, నాకు భయం.

•

ఉప్పల్,
13 జూన్ 1996.

గౌరవనీయులైన కౌన్సిలరు గారి సముఖానికి,

తమ ప్రశ్నకు జవాబు: అవును, రాస్తాం.

ఇట్లు,
తమ విధేయుడు
పరంధామయ్య

తా.క.: వెటకారాన్ని వెటకారంగా గుర్తించే అధికారం మా విభాగానికి లేదు, అది పై ఆఫీసుకు ఉంది. మా ఆఫీసరు ఉమామహేశ్వర్ గారు మీ ఉత్తరం చూసి "చక్కగా, సూటిగా అడిగారు" అని సంతకం పెట్టారు. దయచేసి ఈసారి ఒక్కటే అడగండి. ఆలస్యం చేయకండి.

•

నాచారం,
14 జూన్ 1996.

పరంధామయ్య గారికి,

సున్నపుబట్టి బస్తీ కుళాయి నీళ్ళు తాగొచ్చా?

విక్టోరియా

తా.క.: పలకరింపు కావాలనే మానేశాను. పాపమ్మ నన్ను తిట్టడం కూడా మానేసింది. అది భరించలేకపోతున్నాను.

•

ఉప్పల్,
17 జూన్ 1996.

గౌరవనీయులైన కౌన్సిలరు గారి సముఖానికి,

తమ ప్రశ్నకు జవాబు: నీళ్ళు మా పరిధిలోకి రావు. తమ ఉత్తరాన్ని సంబంధిత విభాగానికి పంపాం. అక్కడ ఉత్తరాలు విప్పే గుమాస్తా పోస్టు ప్రస్తుతం ఖాళీగా ఉంది.

ఇట్లు,
తమ విధేయుడు
పరంధామయ్య

తా.క.: నీళ్ళు మావి కావు. మనుషులు మావాళ్ళు. ఫలానా వాళ్ళు క్షేమమా అని ప్రజాప్రతినిధి అడిగితే, మావాళ్ళు వెళ్ళి కళ్ళారా చూసి, వారంలోగా జవాబు చెప్పి తీరాలి. డ్రైవరు మురళీధర్ కోసం మేడిపల్లిలో అతని అత్తగారింటికి కూడా వెళ్ళొచ్చారు. ఇంతకన్నా విడమరచి చెప్పలేను టీచరు గారూ.

•

నాచారం,
18 జూన్ 1996.

పరంధామయ్య గారికీ, సంతకం పెట్టే ఉమామహేశ్వర్ గారికీ వందనాలు.

ఇక్కడ నేను క్షేమంగా లేను. ఏడో వార్డు సున్నపుబట్టి బస్తీలో ఇంటింటా ప్రతి మనిషీ క్షేమమేనా?

ఇట్లు,
విక్టోరియా

తా.క.: ఉత్తరం రాయడం నేను పిల్లలకు ముప్పై ఏళ్ళు నేర్పాను. నాకు నేర్పడానికి మీకు పదిహేను రోజులు పట్టింది.

•

ఉప్పల్,
24 జూన్ 1996.

గౌరవనీయులైన కౌన్సిలరు గారి సముఖానికి,

తమ ప్రశ్నకు జవాబు: క్షేమం కాదు. మా సిబ్బంది నూట ముప్పై ఇళ్ళు తిరిగారు. ఇరవై మూడు మందికి కామెర్లు ఉన్నాయి. కారణం గడి నింపకపోతే నివేదిక పూర్తి కాదు కాబట్టి కారణం వెతికారు. మురుగు కాలువలోంచి పోయే మంచినీళ్ళ పైపు పగిలి ఉంది. కుళాయిలు మూసేశారు, కొత్త పైపు వేసేదాకా ట్యాంకరు వస్తుంది. గ్రేస్‌ని ఆస్పత్రిలో చేర్పించారు. తల్లికి ప్రమాదం తప్పిందనీ, కడుపులో బిడ్డ బాగుందనీ డాక్టరు శ్యామలాదేవి గారు రాసిచ్చారు.

ఇట్లు,
తమ విధేయుడు
పరంధామయ్య

తా.క.: ఆ ఇరవై మూడు మందిలో సత్యవేణి అని తొమ్మిదేళ్ళ పిల్ల ఉంది. మా అమ్మాయి. ఏప్రిల్‌లో మీ వీధి చివర సారలమ్మ గారి మేడ మీద అద్దెకు దిగాం. మాదీ ఆ పైపే. మీ మొదటి ఉత్తరం వచ్చిన రోజే మంచం పట్టింది. ఇక్కడ పనిచేసేవాడు ఇక్కడ ప్రశ్న అడగడానికి వీల్లేదు, గెలిచినవాళ్ళే అడగాలి. రోజూ టపా రాగానే అందరికంటే ముందు లేచి మీ ఉత్తరం కోసం వెతుక్కునేవాణ్ణి. ఇవాళ అమ్మాయి లేచి కూర్చుని మజ్జిగన్నం మళ్ళీ పెట్టించుకుంది. ఇది మీరు అడగలేదు. అయినా చెబుతున్నాను.