చేతిలో కత్తెర ఉన్నంతసేపు

తెల్లగుట్ట,
సోమవారం

మా సవితక్కకు,

ఉత్తరం రాయలేదని అలగకు, నీ చెల్లెలు బాగానే ఉంది. ఫోన్ చేద్దామంటే ఇక్కడ గుట్ట ఎక్కితే తప్ప సిగ్నల్ దొరకదు. ఎక్కితే అక్కడ అప్పటికే సగం ఊరు చేరి ఉంటుంది. అంతమంది మధ్య ఈ మాట చెప్పలేను. అందుకే ఈ ఉత్తరం వర్ని పోస్టులో వేయమని పాల ఆటో అతనికి ఇస్తున్నాను.

అక్కా, నేను నిజామాబాద్ వచ్చేస్తాను. గాజుల్‌పేటలో నువ్వు చూసిన గది మాట్లాడి పెట్టు. బావ తన హార్డ్‌వేర్ దుకాణంలో నీ మరిది నాగేందర్‌కు పని ఇస్తానన్నాడు కదా, అదీ ఖాయం చేయించు. ఆయనకు నేనింకా చెప్పలేదు. అన్నీ కుదిరాక మెల్లగా చెవిన వేస్తాను.

ఏం కష్టం వచ్చిందని అడుగుతావు. కష్టమేమీ లేదు. నాగేందర్ మంచివాడు, నీకు తెలుసు. క్వారీ మూతపడినా ఇక్కడివాళ్లు చేత్తోనే పొలాల కంచెలకు రాతి కడీలు కొడతారు, ఆయన వాటిని ట్రాక్టర్‌లో వేసుకుని జక్రాన్‌పల్లి, మోర్తాడ్ దాకా పోయి దించి వస్తాడు. పొద్దున పోతే చీకటి పడ్డాకే రావడం. నేను చాట ఒళ్లో పెట్టుకుని, కత్తెరతో ఆకు కత్తిరించి బీడీలు చుడతాను. ఇల్లు చల్లగా ఉంటుంది, నీళ్లు తియ్యగా ఉంటాయి. నా బాధ వేరు, నవ్వనంటే చెబుతాను.

ఈ వాడలో ఈరవ్వ అని ఒక ముసలామె ఉంది. క్వారీ నడిచిన రోజుల్లో మధ్యాహ్నం తోటాలు పేల్చేముందు అందరినీ ఇళ్లలోంచి బయటికి రప్పించి రేకుల షెడ్డు కిందికి చేర్చేదట. ఇప్పుడు తోటాలు లేవు, పేలుళ్లు లేవు, ఈరవ్వ మాత్రం ఉంది. రోజూ ఆ వేళకు ఇంటింటి ముందూ నిలబడి పేరు పెట్టి కేకలేస్తుంది. "రోజా, ఇంకేం జేస్తున్నవే, రా!" అని ఆమె అరిస్తే పక్క వాడకు కూడా వినిపిస్తుంది. అందరూ రొట్టెల మూటలు పట్టుకుని షెడ్డుకు పోయి కలిసి తింటారు. నా గుమ్మం దగ్గరికీ వస్తుంది. వచ్చి నోరు విప్పదు. నా చాట వంక, నా చేతుల వంక చూసి, వచ్చిన దారినే పోతుంది. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ ఇదే వరస. ఊరందరికీ పేర్లున్నాయి, నాకే లేదు. పట్నం పిల్ల కదా, బీడీలు చుట్టుకునేది కదా, దీన్ని పిలిచేదేమిటిలే అనుకుంటుందేమో. ఎందుకు పిలవవని నేను అడుగుతానా? పంతం పట్టే మన అవ్వ కడుపున పుట్టినదాన్ని, ప్రాణం పోయినా అడగను. చేతిలో బీడీల కట్ట పూర్తిచేసుకుని నా అంతట నేనే పోతాను. పోయేసరికి వాళ్లు మూటలు ముందర పెట్టుకుని తీరిగ్గా ముచ్చట్లలో ఉంటారు. నేను ఒక మూల కూర్చుని నాలుగు మెతుకులు తిని వచ్చేస్తాను.

ఇంకో తమాషా విను. పాత క్వారీ గుంతలో నీళ్లు నిండి చెరువులా అయింది. దాని పక్కన డేరాలు వేసి పట్నంవాళ్లను తెచ్చి ఉంచుతామని హైదరాబాద్ నుంచి ఒక కంపెనీ వస్తోంది. పర్యాటకులకూ పెట్టుబడి పెట్టేవాళ్లకూ చూపించడానికి మన వాడ గురించి ఒక కాగితం రాసిపెట్టమని వార్డు మెంబర్ భూమేషన్న నన్ను అడిగాడు. ఇంటర్ చదివింది ఇక్కడ నేనే మరి. "ప్రశాంతమైన పల్లె, ఆప్యాయత నిండిన జనం" అని రాశాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా సుత్తెల మోతే, ప్రశాంతం ఎక్కడిది? ఇక ఆప్యాయత సంగతి పైన రాశాను కదా. గది సంగతి వెంటనే చూడు.

నీ చెల్లి,
త్రివేణి

*

తెల్లగుట్ట,
శుక్రవారం

అక్కా,

గది మాట్లాడేశావా? మాట్లాడకపోతే కొంచెం ఆగు. నిన్న జరిగింది విను.

కంపెనీ తరఫున అంకిత అనే ఆమె వచ్చింది. నా వయసే ఉంటుంది, కళ్లద్దాలు, బురద అంటిన బూట్లు. గుంత చూసింది, కడీలు కొట్టేచోటు చూసింది. నేను రాసిన కాగితం అందంగా మళ్లీ రాసి ఇమ్మన్నాడు భూమేషన్న. కట్ట ముగించి, కాగితం తిరగరాసి, రొట్టెల డబ్బా పట్టుకుని బయలుదేరేసరికి ఆలస్యమైంది. షెడ్డు గోడ పక్కకు రాగానే అంకిత గొంతు వినిపించింది.

"అందరూ మూటలు ముందర పెట్టుకున్నారు, ఒక్కరూ తినడం లేదేంటమ్మా? నా కోసమా?"

"నీకోసం కాదు బిడ్డా," అంది ఈరవ్వ. "మా త్రివేణి ఇంక రాలే. ఆమె వచ్చినంక తింటం."

నా పేరు ఆమె నోట వినడం అదే మొదటిసారి. గోడ చాటునే నిలబడి విన్నాను.

"మరి పిలవొచ్చు కదా?"

"ఎట్ల పిలుస్త? కత్తెర చేతిల ఉన్నది. సుత్తె ఎత్తినోన్ని పిలిస్తే ఏమైతది? ఉలిక్కిపడ్తడు, వేలు పోతది. గీడ పనిముట్టు చేతిల ఉన్నోళ్లను ఎవ్వలం పిలవం. పోయి సూస్త. కింద పెట్టి ఉంటే పిలుస్త. లేకుంటే ఆగుతం. పాపం, ఆ పిల్ల కత్తెర ఎన్నడు కింద పెట్టదు."

"రోజూ ఇలాగే ఆగుతారా?"

"రోజు గింతే. రొట్టె సల్లగైతది, అయితే ఏమాయె?"

అక్కా, నేను గోడకు ఆనుకుని ఏడ్చేశాను. వాళ్లు తీరిగ్గా ముచ్చట్లాడుకుంటున్నారనుకున్నాను. ఆకలితో కూర్చుని నా కోసం చూస్తున్నారు. పొద్దున్నుంచి రాళ్లు కొట్టి వచ్చినవాళ్లు! నేనేమో పిలవలేదన్న కోపంతో, కావాలనే ఇంకో కట్ట ఎక్కువ చుట్టి మరీ పోయేదాన్ని.

కళ్లు తుడుచుకుని లోపలికి పోయాను. ఈరవ్వ తలెత్తి, "వచ్చినవా? కూసో," అంది. అటు తిరిగి, "ఇగ తినుండ్రి," అంది. అన్ని చేతులూ ఒక్కసారే మూటల్లోకి పోయాయి. ఇన్నాళ్లూ ఇది నా కళ్ల ముందే జరిగింది. తల వంచుకుని మూలకు పోయేదాన్ని, చూసింది ఎక్కడ? నిన్న మూలకు పోలేదు, ఈరవ్వ పక్కనే కూర్చున్నాను. ఆమె నా డబ్బాలోంచి చెప్పకుండా పచ్చడి తీసుకుంది. అంత రుచిగా నేను ఈ మధ్య తినలేదు.

నీ పిచ్చి చెల్లి,
త్రివేణి

*

తెల్లగుట్ట,
ఆదివారం

సవితక్కా,

వారం దాటాక నీ ఉత్తరం నిన్న అందింది. బాగానే తిట్టావు. "ఒక్క పూట నీకోసం ఆగినంత మాత్రాన పట్నం వదులుకుంటావా? రేపు డేరాలు రాకపోతే ఏం తింటారు?" అన్నావు. నీ మాట కొట్టిపారేయను. అంకిత మళ్లీ వచ్చింది. చలికాలానికి నాలుగు డేరాలు వేసి చూస్తామంది. గుంతలోకి దిగడానికి రాతిమెట్లు మనవాళ్లే కట్టాలట. అది నిలుస్తుందో లేదో నాకు తెలియదు. నిలవకపోయినా కడీలు ఉన్నాయి, బీడీలు ఉన్నాయి.

నాగేందర్‌కు అంతా చెప్పేశాను, గది సంగతితో సహా. నిదానంగా విని, "పనిముట్టు ముచ్చట నీకు ఎరుకే అనుకున్ననే. మాకు పుట్టినప్పటికెల్లి తెలుసు, ఎవ్వలు చెప్పలే," అన్నాడు. మళ్లీ తనే, "పట్నం పోదామంటే పోదాం తియ్. నువ్వు ఏడుంటే నేను ఆడనే," అన్నాడు. ఎవరు పోతామన్నారని నేనే ఆయన మీద అరిచాను. పాపం, ఏమీ అర్థం కాక నవ్వాడు.

కాబట్టి గది ఇంకెవరికైనా ఇచ్చేయమను. బావకు నా తరఫున నువ్వే సర్దిచెప్పు. పట్నంలో నాకు ఎవరూ తక్కువ చేయలేదక్కా. కానీ మన ఇంట్లో ఎవరి బీడీల కట్ట ముగిస్తే వాళ్లు తిని లేచేవాళ్లం, ఎవరి తొందర వాళ్లది. ఇక్కడ నేను లేకపోతే ఇంతమందికి ముద్ద దిగదని తెలిశాక ఎక్కడికి రమ్మంటావు? కాగితంలో ప్రశాంతం కొట్టేశాను. ఆప్యాయత మాట అలాగే ఉంచాను.

కోపం తగ్గాక ఒకసారి వచ్చి చూసి పో. ముందు బోధన్ బస్సెక్కు, అక్కడి నుంచి వర్నికి ఆటోలు దొరుకుతాయి. పాల ఆటో అతనికి చెప్పి ఉంచుతాను. దారిలో ఆలస్యమైందని కంగారుపడకు. నువ్వు వచ్చేదాకా మేమెవరం తినం.

మీ తెల్లగుట్ట
త్రివేణి