రెండిళ్ళకూ ఒకటే గోడ

కాశీబుగ్గ
3 ఫిబ్రవరి 2006

సూర్యనారాయణ మళ్ళీ వచ్చాడు. నేల అతనిది, ఇళ్ళు మావి. తుఫాను తర్వాత ధర్మసంస్థవారు లారీల్లో తెచ్చి, ఇనుప చట్రాలకు రేకులు బోల్టులతో బిగించి, వరసగా నిలబెట్టి వెళ్ళిన ఇళ్ళు. నేల అద్దె ఏ నెలా తప్పలేదు. ఇప్పుడు ప్లాట్లు వేస్తాడట.

"ఇళ్ళు మీవేనండి, అక్కగారూ. బోల్టులిప్పుకొని పట్టుకెళ్ళిపోండి. నేనేటైనా వద్దన్నానా?"

ఎక్కడికి? అది చెప్పడు. ఉగాది దాకా గడువు.

4 ఫిబ్రవరి

టెక్కలి నుంచి తమ్ముడి ఫోను. "ఈ వయసులో పంతాలెందుకక్కా, వచ్చేయ్." ఈ వయసులో కాక మరే వయసులో?

11 ఫిబ్రవరి

సాయంత్రం వరసలోని ఇళ్ళవాళ్ళం అందరం నా వాకిట్లో. జీడిపిక్కల ఫ్యాక్టరీకి నడిచి వెళ్ళగల దూరం కనుకనే ఈ ఆడవాళ్ళ కూలి ఇల్లు చేరుతోంది. ఊరవతలకు నెడితే ఆటోలకే సరి. సంఘంగా ఏర్పడి, ఈ నేలను ఉమ్మడిగా వాయిదాల మీద కొందామన్నాను.

పక్కింటి పారమ్మ — "కొంటాం, మేష్టారమ్మా. ఆడు అమ్మొద్దా?"

నవ్వులు. అయినా ఒక్కరూ కాదనలేదు. సూర్యనారాయణకు కబురు పంపాను. జవాబు లేదు.

26 ఫిబ్రవరి

జవాబు ఈ రూపంలో వచ్చింది — రెంచీలతో నలుగురు, పొరుగు జిల్లావారు. ఆడవాళ్ళంతా ఫ్యాక్టరీలో ఉన్న వేళ చూసి మరీ. గడువు మాట ఏమైందని అడిగాను. "మాకు తెల్దమ్మా, ఇప్పమన్నారు."

కుర్చీ తెచ్చుకుని పారమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాను. వాళ్ళు వరస చివర ఖాళీగా ఉన్న ఇంటితో మొదలుపెట్టారు. చేతులకు తొడుగుల్లేవు. బోల్టులను తడుముతూ, జిగటగా ఉన్నాయని విసుక్కుంటూ, చేతులు లుంగీలకు తుడుచుకుంటూ... చూస్తూ కూర్చున్నాను.

28 ఫిబ్రవరి

నిన్న ఎవరూ రాలేదు. ఈ ఉదయం వాళ్ళ మేస్త్రీ ఒక్కడే వచ్చాడు. అరచేతుల నిండా బొబ్బలు.

"ఏం మందు పెట్టారమ్మా బోల్టులకి?"

పారమ్మ తాపీగా — "మందేటి బావా? జీడితొక్కల నూనె. ఉప్పుగాలికి తుప్పట్టకుండా ఏటేటా పూత్తాం. మొన్ననే పూసినాం. ఆముదం రాసుకోకుండా ముట్టుకుంతే కాల్సేత్తాది."

"ముందే చెప్పొచ్చు కదా."

"నువ్వు అడిగినావేటి?"

అంటూనే గిన్నెలో ఆముదం తెచ్చి, అతని చేతులకు తానే రాసింది. అతను మళ్ళీ ఈ పనికి రానన్నాడు.

నాకూ తెలుసు ఆ సంగతి. కుర్చీలో కూర్చుని నోరు మెదపలేదు. పశ్చాత్తాపం ఏమాత్రం లేదు.

8 మార్చి

తెల్లవారుతూనే సూర్యనారాయణ. ఈసారి గొంతు మెత్తన.

"మీ ఇల్లొక్కటీ ఉంచేత్తాను, అక్కగారూ. సదువుకున్నోరు. మీతో మాకు పేచీ ఏటి?"

రేకు గోడను వేలితో తట్టి చూపించాను. "ఇది నాదీ, పారమ్మదీ. రెండిళ్ళకూ ఒకటే గోడ. ఏ సగం కోయిస్తావో చెప్పు." అతను నవ్వాడు. నేను నవ్వలేదు. అమ్మకం సంగతి మళ్ళీ అడిగాను. చూద్దామంటూ మోటారు సైకిలెక్కాడు.

9 మార్చి

పారమ్మ పొద్దుటి నుంచీ పలకరించడం లేదు. నేనే పిలిచాను.

"మీ ఇల్లు ఉంచేత్తానన్నాడు కదా. గోడెనకాల ఇన్నాను."

"విన్నదానివి చివరిదాకా వినలేకపోయావా?"

"ఫ్యాక్టరీ కూత పడిపోనాది. ఎల్లిపోనాను."

నా జవాబు మొత్తం వినిపించాను. తానూ గోడను తట్టింది. "సగం కోత్తే ఇద్దరికీ గాలే," అంది. మధ్యాహ్నం ఎండుచేపల కూర పంపింది.

29 మార్చి

రేపు ఉగాది. సూర్యనారాయణ నుంచి కబురు — పొద్దున్నే వస్తాడట. అమ్ముతానంటాడా, కొత్త మనుషులను తెస్తాడా... కబురు తెచ్చినవాడికీ తెలియదట. రేపు ఎవరూ పనిలోకి వెళ్ళడం లేదు.

సాయంత్రం ఉమ్మడి గోడ బోల్టులు సరిచూశాం. బోల్టు తల నా వైపు, నట్టు పారమ్మ వైపు. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఇటు పట్టుకోకపోతే అటు ఊరికే తిరుగుతుంది. చేతులకు ఆముదం పట్టించి, పట్టకారుతో తలను బిగించి పట్టుకున్నాను. రేకు అవతలి నుంచి ఆమె గొంతు —

"వదిలీకండి, మేష్టారమ్మా."

"వదలను. తిప్పు."

బిగిసింది. ఇంకా రెండు మిగిలాయి. రేపటికి కుర్చీ ఇప్పుడే వాకిట్లో వేసి వచ్చాను.