పెద్దాయన కొలత

నరీన్, శనివారం

తిలెక్ నాన్నకు మీ ఇంటి మనిషి సలాము చేసి రాస్తున్నది. నేనూ చోల్పోనూ కులాసాగా ఉన్నాం. మేతకొండ మీద అత్తయ్య, తిలెక్, మీరు, మంద బాగున్నారని పిండి బస్తాలు దింపి వచ్చిన డ్రైవరు చెప్పాడు. అతను రేపు మళ్లీ పైకి వస్తున్నాడు. ఈ ఉత్తరం అతనికే ఇస్తాను.

వారం మొదలైనప్పటి నుంచి ఇక్కడ వాన. ఏరు బురదగా పారుతోంది. కనుమ మీద మంచు పడి బిష్కెక్ అతిథులు ఆలస్యంగా చేరారు. పొద్దున ఆవు పాలు పితికి, విశ్వవిద్యాలయం నుంచి తెచ్చిన పరుపులు, గిన్నెలు అప్పజెప్పి వచ్చాను. తడిసిన తివాచీలు ఆరేసే చోటు లేక పొయ్యి గదిలో పరిచాను. వాటి మధ్యనే కూర్చుని రాస్తున్నాను.

పాక కప్పు కారుతోందా అని అడిగారు. కారుతోంది. వాన తగ్గితే గాని రేకు మార్చేవాడు రాడు. దూడ బాగుంది, తల్లి దగ్గర పాలు మిగలనివ్వడం లేదు. అత్తయ్య మోకాలి మందు పంపుతున్నాను. తిన్నాకనే వేసుకోమనండి. తిలెక్ గుర్రం మీద నుంచి పడ్డాడని రాశారు, ఎక్కడ దెబ్బ తగిలిందో రాయలేదు. ఈసారి రాయండి.

సదస్సు ఎలా జరిగిందని కూడా అడిగారు. దానికి కాస్త పెద్ద జవాబే రాయాలి.

మా విశ్వవిద్యాలయం సదస్సు మొత్తం నా చేతిలో లేదు. పచ్చిక గురించి పెట్టిన విభాగం ఒక్కటే నాది. చలికాలంలో అందరికీ పిలుపులు రాసింది, వచ్చిన వ్యాసాలు చదివి ఏవి ఉండాలో తేల్చింది నేనే. అప్పుడు మీరు పొయ్యి పక్కన కూర్చుని, గొర్రె గడ్డి తింటుందని చెప్పడానికి ఇంతమంది చదువుకున్నవాళ్లు కావాలా అని నవ్వారు. వ్యాసాలు తేల్చడం తేలికే. మనుషుల్ని కూర్చోబెట్టడంతోనే తంటా. మాకిచ్చిన హాల్లో వేదిక తలుపు పక్కనే ఉంది. పెద్దల్ని తలుపు దగ్గర కూర్చోబెడతారా అని మీ అక్క అడిగింది. నిజమే కదా, పెద్దల చోటు తలుపుకు దూరంగా ఉండాలి. బల్లలన్నీ ఎదురు గోడకు తిప్పించాం. అప్పుడు బొమ్మలు వేసే తెర వెనకవైపుకు పోయింది. చివరికి కిటికీల మధ్య దుప్పటి కట్టాం. వక్తల వరుస కూడా వయసును బట్టే వేశాను. ఏ వ్యాసం తర్వాత ఏది వస్తే అర్థమవుతుందన్న సంగతి పక్కన పెట్టాను.

అందరికంటే పెద్ద మీ మేనమామే, మన పెద్దాయన. ఆయన రాకపోతే మొదట చేతులెత్తి దీవించేవారుండరు. దీవెన లేకుండా మన వైపు ఏ సభా మొదలుకాదు. ఆయన బుధవారమే వచ్చి మనింట్లో దిగారు. మీ అక్క వండిపెట్టడానికి వచ్చింది. గొర్రెను కోశాం. తలకాయ ఆయన ముందే పెట్టాం. ఏ లోటూ చెయ్యలేదు.

భోజనమయ్యాక ఆయన మాట మొదలుపెట్టారు. ఆ మాట బెగాయిమ్ గురించి. ఆమెను మీరు చూశారు. మూడు వేసవులు మన కొండవాలు మీద తీగ కట్టి చిన్న చిన్న మడులు చేసి, గడ్డి కోసి, ఎండబెట్టి తూచిన అమ్మాయి. గొర్రెలు తీగ తెంపేస్తుంటే మీరే కర్రలు పాతి సాయం చేశారు. ఏ కొండకు ఎన్ని గొర్రెల్ని తోలవచ్చో మేతల సంఘం వాళ్లు ఈనాటికీ చూసేది వెనకటి రోజుల్లో పెద్దాయన గడ్డి తూచి కట్టిన కొలతే. ఆ కొలతలో సగం గడ్డి కూడా ఇప్పుడు మొలవడం లేదని ఆ అమ్మాయి తేల్చి వ్యాసం రాసింది. వచ్చే ఏటి మేతలు పంచే అధికారి ఈ విభాగానికి వస్తున్నాడు. అతని ముందు ఆ వ్యాసం వినిపించాలన్నదే నా పట్టుదల. మిగతా వ్యాసాలు లేకపోయినా ఫరవాలేదు.

పెద్దాయన కోప్పడలేదు. "కోడలా, ఆ పిల్లది చిన్న వయసు. ఆమె మాట వచ్చే ఏడాది విందాం," అన్నారు. పట్టికలో అందరి పేర్లూ అచ్చయిపోయాయి మామయ్యా అన్నాను. అచ్చయినవి చించవచ్చు అన్నారు. నేను టీ పోస్తున్నాను. మనసు మాట మీద ఉండి గిన్నె అంచుదాకా నింపేశాను. నిండు గిన్నె ఇస్తే అతిథిని ఇక లేవమన్నట్టే కదా. ఆయన ఆ గిన్నెను చూసి, నా వైపు చూశారు. "వెళ్లిపొమ్మంటున్నావా?" అన్నారు. మీ అక్క నా చేతిలోంచి కెటిల్ లాక్కుని, "ఊరంతా అతిథుల్ని పిలిచింది గాని ఇంట్లో టీ పొయ్యడం రాలేదు," అంది. ఆయన నవ్వారు. ఆ నిండు గిన్నె మాత్రం ముట్టుకోలేదు.

మరునాడు సాయంత్రం బెగాయిమ్ తండ్రి అత్‌బాషి నుంచి వచ్చాడు. టోపీ తియ్యలేదు, గోడ వారనే కూర్చున్నాడు. కూతురు అతని పక్కన తల వంచుకుని ఉంది. పెద్దాయన అతనికి ఫోన్ చేశారట. ఏమన్నారని అడిగాను.

"ఏమీ అనలేదమ్మా. క్షేమం అడిగారు. నా మంద ఈ ఏడు ఏ వాలు మీద మేస్తోందని అడిగారు. అంతే," అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేదన్నాడు. పిల్లను తీసుకుపోవడానికి వచ్చానన్నాడు. నేను ఆపలేదు. మేతల సంఘం పెద్దాయన మాట దాటదు. అతని మంద అతనిది, భయం కూడా అతనిదే. బెగాయిమ్ వ్యాసం నా ముందు పెట్టి, చదివితే చదవండి అక్కా, లేకపోతే పొయ్యిలో వెయ్యండి అంది. అన్నాక ఏడ్చింది. తండ్రి ఆమె చెయ్యి పట్టుకుని బయటికి నడిపించాడు.

మీ కిందటి ఉత్తరంలో ఒక మాటకు నేనింతవరకు జవాబు రాయలేదు. ఏం చేసినా చెయ్యి, పెద్దాయన మనసు మాత్రం నొప్పించకు అని రాశారు. ఆ ఉత్తరం సదస్సుకు ముందే అందింది. చదివాను. అందలేదని అబద్ధం రాయను.

శుక్రవారం ఉదయం హాలు నిండింది. పెద్దాయన చేతులెత్తి దీవించారు, అందరం అరచేతులతో ముఖాలు నిమురుకుని దీవెన అందుకున్నాం. మొదట ఆయన ప్రసంగం. మన ఇంట్లో కోడళ్లు అత్తింటి పెద్దల పేర్లు పలకరు కదా. నేను ఇంటికి వచ్చిన నాటి నుంచి పెద్దాయన అనే అంటున్నాను, రాతలో కూడా అదే వస్తుంది. అందుకని ఆయన పేరు వచ్చేచోట మా డీన్ గారు పిలిచేలా ముందే మాట్లాడుకున్నాను. అక్కడిదాకా ఇబ్బంది లేకుండా సాగింది.

బెగాయిమ్ వంతు వచ్చినప్పుడు, ఆమె రాలేదు గనక తర్వాతి వారిని పిలవమని డీన్ గారు నాకు చీటీ పంపారు. ఆమె వ్యాసం మీరు చదువుతారా అని ఆయన చెవిలో అడిగాను. నాకు గొంతు బాగాలేదన్నారు. అధికారి గడియారం చూసుకుంటున్నాడు. నేను లేచి, వక్త రాలేకపోయారు, విభాగం తరఫున నేను చదువుతాను అన్నాను.

ఆ కొలతకు పెద్దాయన పేరే ఉంది. పుస్తకాల్లో, సంఘం కాగితాల్లో అలాగే రాస్తారు. ఆ వ్యాసంలో ప్రతి పుటలోనూ ఆయన పేరే. పెద్దాయన కొలత అని చదివి తప్పించుకోవచ్చు. ఒక క్షణం అలాగే అనుకున్నాను కూడా. అలా చదివితే బిష్కెక్ అధికారికి అర్థం కాదు. మనవాళ్లకు అర్థమవుతుంది గాని, కోడలికీ మామకూ గొడవ అనుకుంటారు. ఆ అమ్మాయి కష్టం మన ఇంటి గొడవ కింద పోతుంది. అందుకని రాసింది రాసినట్టు చదివాను. ఆయన పేరు మొదటిసారి పలికినప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. గోడ వార నిలబడ్డ మీ అక్క టీ పళ్లెం కింద పెట్టి బయటికి వెళ్లిపోయింది. ముందు వరుసలో ముసలివాళ్లు టోపీలు సర్దుకున్నారు. నేను ఆపలేదు. ఆ పేరు ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లు పలికాను, చివరిదాకా చదివాను.

ప్రశ్నలుంటే అడగమన్నాను. పెద్దాయన లేచారు. "గడ్డి సంగతి తర్వాత. నా పేరు నీ నోట వినే రోజు వస్తుందనుకోలేదు కోడలా. విన్నాను," అన్నారు. మళ్లీ కూర్చున్నారు.

తర్వాత మేతల సంఘం నుంచి వచ్చిన ఒక ముసలాయన చెయ్యెత్తాడు.

"అయితే ఎన్ని గొర్రెలు ఉండాలంటావమ్మా?"

"ఇప్పుడు తోలేవాటిలో సగం."

"అందరివీనా?"

"అందరివీ."

"మీ ఆయనవీ?"

"మావీ."

నేను మీకు చెప్పడానికి జంకుతున్న మాట ఇదే. పేరు పలికిన సంగతి ఎవరైనా మీ చెవిన వేస్తారు. ఇది మాత్రం నేనే చెప్పాలి. మీ మందను సగానికి దింపుతామని, మిమ్మల్ని అడగకుండా, హాలు నిండా జనం ముందు ఒప్పుకున్నాను. వేరే మాట నోటికి రాలేదు. మావి తప్ప అని ఉంటే ఆ వ్యాసం అక్కడే చచ్చిపోయేది.

అధికారి వ్యాసం నకలు ఒకటి అడిగి తీసుకున్నాడు. దాన్ని చదువుతాడో, బల్ల సొరుగులో పెడతాడో నాకు తెలియదు. వచ్చే ఏడాది నా ఉద్యోగం సంగతి వేసవి అయ్యాక చూద్దామని డీన్ గారు అన్నారు. బెగాయిమ్‌కు కబురు పంపాను, ఇంకా జవాబు రాలేదు.

మన్నించమని రాయడం లేదు. చేసిన పని తప్పనిపించడం లేదు. మిమ్మల్ని అడగకపోవడం మాత్రం తప్పే. కోపం వస్తే కోపమనే రాయండి, డ్రైవరును ఖాళీ చేతులతో పంపకండి. అత్తయ్యకు మీరే చదివి వినిపించండి. ఆమె తమ్ముడి సంగతి కదా, బయటివాళ్ల నోట వినడం బాగుండదు. పైకి ఎప్పుడు వస్తావని అడిగారు. మీరు రమ్మంటే చోల్పోన్ బడి మూసిన మర్నాడే బయల్దేరతాం.

పెద్దాయన నిన్న మధ్యాహ్నం భోజనాలకు పిలవకముందే వెళ్లిపోయారు. తినకుండా వెళ్లేవారు ముక్కయినా తుంచి నోట వేసుకోవాలి కదా అని గుమ్మంలో రొట్టె పట్టుకుని నిలబడ్డాను, ఆయన తుంచలేదు. మీ అక్క కూడా ఆయన కారులోనే వెళ్లింది.

ఇట్లు,
తిలెక్ తల్లి