నోనోయ్ సంతకం

ఇలోయిలో నగరం నుంచి,
విమాన సంస్థ ఫిర్యాదుల విభాగం అధికారి గారికి,

మా ఫిర్యాదును నా తమ్ముడే వెనక్కి తీసుకున్నాడంటూ మీరు పంపిన కాగితం అందింది. కింద ‘నోనోయ్ పల్మారెస్’ అని సంతకం ఉంది. వాణ్ణి అడిగాను. “ఆ కాగితం సంగతే నాకు తెలీదక్కా,” అన్నాడు.

జరిగింది మళ్ళీ చెబుతాను. మనీలా విమానం ఎక్కబోతుంటే అమ్మ ఆక్సిజన్ మిషన్ నా చేతిలో ఉంది. “ఇదేమన్నా రైస్ కుక్కరా ఆంటీ, ఒళ్ళో పెట్టుకోడానికి? కింద సామాన్లలో వేసేయండి,” అంది మీ కౌంటర్‌లో అమ్మాయి. నేను గట్టిగా, “నోనోయ్, డాక్టరు రాసిచ్చిన కాగితం ఇలా తేరా!” అని పిలిచాను. ఆమె దాన్ని చదవకుండానే మిషన్ లాక్కుంది. దిగాక అది ఎంత నొక్కినా పనిచేయలేదు. అమ్మ పెదాలు నీలంగా మారాయి. అంబులెన్సు వచ్చేదాకా నేను జపమాల వదలలేదు.

నా తమ్ముడి పేరు క్రిసాంతో. టికెట్టు మీదా అదే ఉంది. నోనోయ్ అన్నది ఇంట్లో పిలుపు. మా వైపు ముద్దుపేరుతో ఎవరూ సంతకం చేయరు. మీవాళ్ళు ఆ పేరు విన్నది ఒక్కసారే, నా నోటి నుంచే.

ఎవరు రాశారని నేను అడగను. దేవుడు చూశాడు. బాగుచేయించిన మిషన్‌తో గురువారం అమ్మను మళ్ళీ మీ విమానంలోనే మనీలా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ఈసారి మిషన్ ఆమె పక్కనే ఉంటుందని రాసి పంపండి. కింద మీరే సంతకం చేయండి, చర్చిలో జ్ఞానస్నానం నాడు మీకు పెట్టిన పేరుతో.

క్రిసాంతో పెద్దక్క