తీసెయ్యని మార్కులు

ఆదివారం, రాత్రి

మాక్ టెస్ట్ అయ్యాక ఉయ్యూరు బస్సులో మళ్లీ అదే తంతు. అసలు కీ రేపుగానీ రాదు కాబట్టి, మా క్లాస్ ఫస్ట్ శ్రావ్య చెప్పిందే కీ. ఆమెతో జవాబు కలవకపోతే ఎవరి మార్కులు వాళ్లే తీసేసుకోవాలి.

లాగరిథమ్ లెక్కకు ఎన్ని సొల్యూషన్లంటే శ్రావ్య రెండంది. నేను ఒకటి పెట్టాను. "నీకు మైనస్ కూడా పడుద్దే," అంది జాలిగా. పరీక్ష హాలు బయట నాతో "నాదీ ఒకటే" అన్న నా ఫ్రెండ్ రూతు, ఇప్పుడు కిటికీలోంచి చూస్తూ "నేనూ రెండే పెట్టా" అంది. అదే గుచ్చుకుంది.

ఇంటికొచ్చి మళ్లీ చేశాను. లెక్కల సార్ నేర్పిన షార్ట్‌కట్‌లో రెండు విలువలూ వస్తాయి. కానీ రెండోది వేసి చూస్తే లాగ్ లోపల మైనస్ వస్తోంది. అది చెల్లదు. ఒకవేళ నేనే ఎక్కడైనా... లేదు, మళ్లీ మళ్లీ చూశాను.

అన్నం పెడుతూ అమ్మ, "ఎన్నొస్తాయే?" అంది. ఆ లెక్క మార్కులు కూడా కలిపే చెప్పాను.

ఇందాక రూతు మెసేజ్ పెట్టింది: "నిజంగా ఒకటే అంటావా?"

"రేపు బోర్డు మీద చేసి చూపిస్తా. నువ్వొచ్చి నా పక్కన నిలబడు," అని పెట్టాను.

చూసింది. జవాబు ఇంకా రాలేదు. రాకపోయినా సరే, రేపు సార్‌ని చాక్‌పీస్ అడిగేది నేనే.